సగటు వెనక దాగిన 13 అంకెలు: ఒక 128 కోర్ల సర్వర్‌కు చేసిన వైద్యం

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక వాహన డిజైన్ సంస్థ 2022 వేసవిలో పది సర్వర్లు కొన్నది. కారు చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కగట్టడం వాటి పని. ఒక్కో సర్వర్‌లో రెండు ఏఎండీ ఎపిక్ 7763 ప్రాసెసర్లు, మొత్తం 128 కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), 512 జీబీ మెమరీ. కొనుగోలు ఒప్పందంలో ఒక షరతు ఉంది. ఇవే ప్రాసెసర్లున్న యంత్రానికి స్పెక్ సీపీయూ 2017 ఫ్లోటింగ్ పాయింట్ రేట్ అనే పరీక్షలో (దశాంశ లెక్కల వేగాన్ని కొలిచే ప్రామాణిక పరీక్ష ఇది) ప్రచురితమైన ఫలితం ఎంతో, అందులో కనీసం 95 శాతం ఈ సర్వర్లు చూపించాలి. చూపించకపోతే చివరి విడత సొమ్ము ఆగిపోతుంది. మొదటి సర్వర్‌కు వచ్చింది దాదాపు 70 శాతం.

మీ వాళ్లకు పరీక్ష పెట్టడం చేతకాలేదని సరఫరాదారు అన్నాడు. యంత్రంలోనే లోపముందని సంస్థ అన్నది. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉందని తేల్చడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

నేను వెళ్లేసరికి ల్యాబ్ చూసుకునే ఇంజనీరు, కర్నూలు అమ్మాయి, యంత్రపు మూల సెట్టింగ్‌లు మార్చే బయోస్ తెర తెరిచి కూర్చుని ఉంది. అప్పటికే వారం రోజులుగా ఒక్కో ఆప్షన్ మార్చి చూస్తోంది.

"ఏమేం మార్చాలో చెప్పండి సార్, వెంటనే మార్చేస్తాను."

"ఇంక ఏదీ ముట్టుకోవద్దమ్మా. ముందు ఆ 13 అంకెలు చూపించు."

ఫలితపు కాగితం మీద అందరి కన్నూ పడేది పైన పెద్ద అక్షరాల్లో ఉండే ఒక్క అంకె మీదే. అది 13 వేర్వేరు ప్రోగ్రాముల ఫలితాలకు కట్టిన గుణోత్తర సగటు. జబ్బు ఎక్కడుందో ఆ సగటు చెప్పదు, ఎంత ఉందో కూడా సరిగా చెప్పదు. ఉదాహరణకు 13లో అయిదు ప్రోగ్రాములు సరిగ్గా సగానికి పడిపోయి, మిగతా ఎనిమిది చెక్కు చెదరకుండా ఉన్నాయనుకుందాం. సగటు 77 శాతం దగ్గర ఆగుతుంది. యంత్రం మొత్తం నాలుగో వంతు మందగించినట్టు కనబడుతుంది కానీ, నిజానికి ఏదో ఒక్క అవయవం సగం చచ్చుబడి ఉంటుంది.

అందుకే ఒక కాగితం మీద రెండు నిలువు వరుసలు గీశాను. ఒక వైపు ప్రచురిత ఫలితంలోని 13 అంకెలు, రెండో వైపు మావి. రెండు పరీక్షల్లోనూ ప్రోగ్రామును యంత్ర భాషలోకి మార్చే కంపైలర్ ఏఎండీదే, అవే ఆప్షన్లతో వాడారు కాబట్టి పోలిక న్యాయమైనదే. ఇది చూసుకోకుండా ఒక వైపు ఉచితంగా దొరికే జీసీసీ కంపైలర్, మరో వైపు తయారీదారు కంపైలర్ పెట్టి పోల్చి తగవులాడుకున్న వాళ్లను చూశాను. అది సర్వర్లను పోల్చడం అనిపించుకోదు.

వరుసలు పూర్తికాగానే చిత్రం విడిపోయింది. కాంతి కిరణాల బొమ్మలు గీసే పావ్‌రే, అణువుల కదలికలు లెక్కగట్టే నామ్‌డీ, న్యాబ్, బొమ్మలను మార్చే ఇమేజిక్, త్రీడీ బొమ్మల బ్లెండర్, ఈ అయిదూ ప్రచురిత అంకెకు రెండు మూడు శాతం దూరంలోనే ఉన్నాయి. ద్రవ ప్రవాహాల ఎల్‌బీఎం, పేలుడు అలల బీవేవ్స్, కాంతి తరంగాల ఫోటోనిక్3డీ, సముద్ర ప్రవాహాల రోమ్స్ సగం కూడా అందుకోలేదు. వాతావరణానికి సంబంధించిన డబ్ల్యూఆర్‌ఎఫ్, క్యామ్4, సాపేక్షతా సమీకరణాల కాక్టు, వైద్య చిత్రణ లెక్కల పారెస్ట్ మధ్యలో ఎక్కడో ఉన్నాయి.

మొదటి గుంపు డేటా దాదాపు అంతా క్యాష్‌లోనే, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీలోనే ఇమిడిపోతుంది. కోర్ ఎంత వేగంగా లెక్క చేస్తే అంత ఫలితం. రెండో గుంపుకు ప్రతి అడుగులో మెమరీ నుంచి కొత్త డేటా కావాలి. మొదటిది బాగుండి రెండోది పడిపోయిందంటే క్లాక్ (కోర్ నడిచే వేగం), కంపైలర్, కరెంటు, వేడి అన్నీ అనుమానితుల జాబితా నుంచి బయటికి వెళ్లిపోయినట్టే. మిగిలింది మెమరీ, దానికి చేరే దారి. వారం రోజులుగా ఆ అమ్మాయి మార్చిన బయోస్ ఆప్షన్లలో చాలా భాగం క్లాక్‌కు సంబంధించినవి.

ఒక కోర్ వాటాకు వచ్చేదెంత

కొంచెం అంకగణితం చేయకుండా ముందుకు వెళ్తే లాభం లేదు. ఈ ప్రాసెసర్‌కు ఎనిమిది మెమరీ చానళ్లున్నాయి, అంటే మెమరీ నుంచి డేటా వచ్చే ఎనిమిది దారులు. డీడీఆర్4 రకం మెమరీ 3200 వేగంలో (సెకనుకు 320 కోట్ల బదిలీలు) ఒక్కో చానల్ సెకనుకు 25.6 జీబీ తెస్తుంది, ఎనిమిదీ కలిపి 204.8. దాన్ని 64 కోర్లకు పంచితే ఒక్కో కోర్‌కు వచ్చేది 3.2 జీబీ. అదే కోర్ తన బేస్ క్లాక్ 2.45 గిగాహెర్ట్‌జ్ దగ్గర, క్లాక్‌కు 16 డబుల్ ప్రెసిషన్ (ఎనిమిది బైట్ల సంఖ్యల) లెక్కల చొప్పున, సెకనుకు 3,920 కోట్ల లెక్కలు చేయగలదు. భాగించి చూడండి: మెమరీ నుంచి ఎనిమిది బైట్ల సంఖ్య ఒకటి వచ్చే లోపల ఆ కోర్ 98 లెక్కలు చేసి, ఇంకా ఏముందని చూస్తూ కూర్చుంటుంది. అన్ని కోర్లనూ ఒకేసారి పనిలో పెట్టే రేట్ పరీక్షలో, పైగా గాలి ప్రవాహం లాంటి లెక్కల్లో, ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ ఎంత గొప్పదైనా దానికి తిండి పెట్టేది ఈ 3.2 జీబీనే. చానళ్లలో ఒక్కటి పోయినా ఆ మేరకు ఆకలి.

ఈ ఊరికి ఆ విషయం కొత్త కాదు. ఇక్కడి ఎన్‌ఏఎల్ అనే వైమానిక పరిశోధన సంస్థ 1986లోనే గాలి ప్రవాహాల లెక్కల కోసం ఫ్లోసాల్వర్ అనే సమాంతర కంప్యూటర్ కట్టింది. పని ఏమిటో ముందు చూసి, యంత్రాన్ని దానికి తగ్గట్టు కట్టిన సంప్రదాయం అది. బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) దగ్గర కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ యంత్రం గుర్తుకొస్తుంది.

మెమరీ అనగానే సంస్థ వాళ్లు అడ్డుకున్నారు. మెమరీ వేగాన్ని కొలిచే స్ట్రీమ్ పరీక్ష నడిపి చూశామని, సిద్ధాంతపరంగా రెండు ప్రాసెసర్లకు కలిపి రావాల్సిన 409.6 జీబీ కన్నా ఎక్కువే వచ్చిందని చూపించారు. గరిష్ఠం కన్నా ఎక్కువ రావడమే అనుమానించాల్సిన సంగతి. స్ట్రీమ్ ప్రోగ్రామ్‌ను డౌన్‌లోడ్ చేసి అలాగే కంపైల్ చేస్తే దాని మూడు అరేల్లో (సంఖ్యల వరుసల్లో) ఒక్కోదానికి కోటి మూలకాలే ఉంటాయి, అంటే 80 ఎంబీ. మూడూ కలిపి 240 ఎంబీ. ఈ సర్వర్‌లో మూడో స్థాయి క్యాష్ మొత్తం 512 ఎంబీ. వాళ్లు కొలిచింది క్యాష్ వేగాన్ని. ఒక్కో అరే, ఉన్న చివరి స్థాయి క్యాష్ మొత్తానికి కనీసం నాలుగింతలుండాలని స్ట్రీమ్ నియమమే చెబుతుంది. ఇక్కడ అది 2 జీబీ. ఆ పరిమాణంతో మళ్లీ కంపైల్ చేసి, ప్రతి కోర్‌కూ ఒక థ్రెడ్ (విడిగా నడిచే ఒక పని) కట్టి నడిపితే వచ్చింది 250 జీబీ లోపు. క్యాష్‌ను దాటి నేరుగా మెమరీకి రాసే రకం ఆదేశాలతో ఈ ప్రాసెసర్ల జత నుంచి 340 జీబీ పైన రావాలి.

మూత తీసి చూడటం

ఇక్కడితో యంత్రంలోనే ఏదో ఉందని తేలిపోయింది. యంత్రంలోని భాగాల వివరాలు చూపే డీఎంఐ డీకోడ్ అనే ప్రోగ్రామ్‌తో మెమరీ వివరాలన్నీ తెర మీద పోయించాం. పదహారు మాడ్యూళ్లు (మెమరీ పట్టీలు), ఒక్కోటి 32 జీబీ, మొత్తం 512. రసీదులో ఉన్నదీ అదే. అయితే ప్రతి మాడ్యూల్ కింద రెండు వేగాలుంటాయి. మొదటిది ఆ మాడ్యూల్ సామర్థ్యం, రెండోది దాన్ని ఇప్పుడు నడిపిస్తున్న వేగం. మొదటి దాని దగ్గర 3200 ఉంటే రెండో దాని దగ్గర 2933 ఉంది. పదహారింటికీ అంతే. ఒక చానల్‌లో ఒకే మాడ్యూల్ ఉన్నప్పుడు ఈ బోర్డు 3200 ఇస్తుంది, రెండు పెడితే 2933కు దిగుతుంది. పదహారు చానళ్లకు పదహారు మాడ్యూళ్లే ఉన్నప్పుడు, రెండేసి ఎక్కడి నుంచి వచ్చాయి?

సర్వర్‌ను ఆపి, రాక్ నుంచి బయటికి లాగి, మూత తీశాం. ఒక్కో ప్రాసెసర్‌కు అటూ ఇటూ ఎనిమిదేసి స్లాట్లు, మొత్తం 32. మొదటి ప్రాసెసర్ చుట్టూ ఒకటి విడిచి ఒకటి, దువ్వెన పళ్లలా వరుసగా ఉన్నాయి మాడ్యూళ్లు. రెండో ప్రాసెసర్ దగ్గర ఒక పక్క నాలుగు మాడ్యూళ్లు ఒకదానికొకటి ఆనుకుని గుంపుగా ఉన్నాయి, రెండో పక్క చివర ఖాళీగా ఉంది. ఎనిమిది చానళ్లకు ఏ నుంచి హెచ్ దాకా పేర్లుంటాయి. జీ, హెచ్ చానళ్లకు వెళ్లాల్సిన రెండు మాడ్యూళ్లు ఏ, బీ చానళ్ల రెండో స్లాట్లలో కూర్చున్నాయి. బిగించిన వ్యక్తి లెక్క సరిగానే పెట్టాడు, స్థానం తప్పాడు. మొత్తం 512 జీబీ కనబడుతోంది కాబట్టి ఏ పరీక్షా దీన్ని పట్టుకోలేదు.

దీని ఖరీదు ఎంతో చూడండి. రెండో ప్రాసెసర్‌కు ఎనిమిదికి బదులు ఆరు చానళ్లే మిగిలాయి. వాటి వేగం 2933కు దిగింది. 204.8 జీబీ రావాల్సిన చోట 140.8. ఏ తప్పూ లేని మొదటి ప్రాసెసర్ కూడా అదే వేగానికి దిగి 187.7 దగ్గర ఉండిపోయింది, ఎందుకంటే ఈ యంత్రంలో మెమరీ అంతటికీ ఒకే వేగం.

రేట్ పరీక్ష కొలిచే పద్ధతి వల్ల దెబ్బ ఇంకా పెద్దదయింది. ఒకే ప్రోగ్రామ్‌ను 128 కాపీలుగా ఒకేసారి మొదలుపెట్టి, చివరి కాపీ ముగిసేదాకా గడియారం నడుపుతారు. పంక్తి భోజనంలో ఆఖరి మనిషి చేయి కడుక్కునేదాకా ఎవరూ లేవకూడదన్నట్టు. మొదటి ప్రాసెసర్ మీది 64 కాపీలు ఎంత ముందుగా ముగించినా రెండో దాని కోసం ఖాళీగా కూర్చోవాల్సిందే. స్కోరు కట్టేది నెమ్మదైన ప్రాసెసర్ మీదే.

రెండు మాడ్యూళ్లను వాటి స్లాట్లలోకి మార్చడానికి పది నిమిషాలు పట్టింది. బూట్ అయ్యాక వేగం 3200 చూపించింది. స్ట్రీమ్ 340 దాటింది. ఇంకో మార్పు కూడా కనబడింది. అంతకుముందు బయోస్‌లో ఒక్కో ప్రాసెసర్‌కు నాలుగు న్యూమా నోడ్లు (కొన్ని కోర్లు, వాటికి దగ్గరి మెమరీ కలిసిన విభాగాలు) కావాలని పెట్టినా, లినక్స్‌లో మొత్తం రెండే కనబడేవి. అది తనకు అర్థం కాక వదిలేశానని ఆ అమ్మాయి చెప్పింది. చానళ్లు సమంగా లేనప్పుడు ఈ బోర్డు ఆ విభజనను పక్కన పెట్టేస్తోంది. ఇప్పుడు ఎనిమిది నోడ్లు వచ్చాయి, ఒక్కోదానికి 16 కోర్లు, రెండు చానళ్లు, 64 జీబీ. అర్థం కాని చిన్న విషయం కనబడితే దాన్ని నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోమని ఆమెకు చెప్పాను. వారం ముందే జవాబు ఆ తెర మీద ఉంది.

కాపీని ఎక్కడ కూర్చోబెట్టాలి

మళ్లీ పరీక్ష నడిపితే స్కోరు 80 దాటింది కానీ 95 ఇంకా దూరమే. ఇప్పుడు సంస్థ వాళ్ల వైపు ఉన్న తప్పు బయటపడింది.

పరీక్ష సెట్టింగ్‌లుండే కాన్ఫిగ్ ఫైలులో ప్రతి కాపీని మొదలుపెట్టే ఆదేశం ఒకటుంటుంది. కాపీ ఏ కోర్ మీద నడవాలో, మెమరీ ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పేది అదే. వీళ్లు నోడ్ల కేటాయింపు చూసే న్యూమా సీటీఎల్ ఆదేశంతో మెమరీని అన్ని నోడ్లకూ సమంగా పరచమని రాశారు. డేటాబేస్ సర్వర్ల నుంచి తెచ్చుకున్న అలవాటు అది. అక్కడ ఒకే పెద్ద ప్రాసెస్‌ను అన్ని కోర్లూ పంచుకుంటాయి కాబట్టి పరచడం మంచిదే. ఇక్కడ 128 కాపీలకు ఒకదానితో ఒకటికి సంబంధమే లేదు. ఎవరి డేటా వారి పక్కనే ఉండాలి. అన్ని నోడ్లకూ పరిస్తే ఎనిమిదింట ఏడు వంతుల డేటా పక్క నోడ్లలో పడుతుంది. అందులో సగానికి పైగా రెండో ప్రాసెసర్‌లో పడి, రెండింటినీ కలిపే లింకుల మీదుగా రావాల్సి ఉంటుంది. ఆ లింకులు చానళ్లంత వెడల్పైనవి కావు.

కాపీ సంఖ్య ఎంతో అదే సంఖ్య గల కోర్‌కు దాన్ని కట్టి, మెమరీని ఆ కోర్ ఉన్న నోడ్‌లోనే అడగమని రాశాం. అంత చిన్న మార్పుకు ఎల్‌బీఎం, రోమ్స్ లేచి కూర్చున్నాయి. అదే సమయంలో మెమరీని పంచే ముక్కలు, అంటే పేజీలు, 4 కేబీకి బదులు 2 ఎంబీవి వాడేలా ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్‌ను ఎల్లప్పుడూ ఆన్‌లో ఉంచాం. మనం కట్టిన స్థానాలను కెర్నల్ (లినక్స్ లోపలి ప్రధాన భాగం) తన లెక్క ప్రకారం కదల్చకుండా ఆటోమేటిక్ న్యూమా బ్యాలెన్సింగ్ ఆపేశాం.

ఒక్కో కోర్ మీద ఒకేసారి రెండు థ్రెడ్లు నడిపే సంగతి అందరూ అడుగుతారు. 256 కాపీలు పెడితే స్కోరు పెరగదా? పావ్‌రే లాంటివి పెరుగుతాయి. కానీ బేస్ అనే ప్రామాణిక కొలతలో 13 ప్రోగ్రాములకూ ఒకే కాపీల సంఖ్య వాడాలి, మెమరీ ఆకలి ఉన్నవి మాత్రం పెరగవు. కోర్‌కు నాలుగు ఎంబీ చొప్పున వచ్చే మూడో స్థాయి క్యాష్‌లో ఒక్కో కాపీకి రెండే మిగులుతుంది. పైగా కాపీకి 2 జీబీ ఉండాలన్నది స్పెక్ సూచన. 256 కాపీలకు 512 జీబీ అంతా పోతే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడ నిలబడాలి? 128 కాపీలే సరైన సంఖ్య అని నేను నిర్ణయించాను. బయోస్‌లో రెండో థ్రెడ్‌ను ఆపేశాం. సంస్థ నడిపే గాలి ప్రవాహాల ప్రోగ్రామ్‌కు కూడా దానితో ప్రయోజనం లేదు.

మూడో రోజు రాత్రి వచ్చిన చిక్కు

పద్ధతి ప్రకారం పరీక్షను మూడుసార్లు నడిపి మధ్య విలువ తీసుకుంటారు. ఆ రాత్రి నడిపిన మూడింటిలో మొదటిది బాగా వచ్చింది. మిగతా రెండింటిలో మెమరీ ప్రోగ్రాములు పదేసి శాతం జారాయి. యంత్రాన్ని ఎవరూ ముట్టుకోలేదని అందరూ అన్నారు.

నోడ్లవారీగా మెమరీ లెక్క చూపే న్యూమా స్టాట్ చూస్తే 0వ నోడ్‌లో అడిగిన మెమరీ అక్కడ దొరకక పక్క నోడ్లకు పోయిన సంఖ్య అంతకంతకూ పెరుగుతోంది. మిగతా ఏడు నోడ్లలో ఆ సంఖ్య కదలడం లేదు. ఒక్కో నోడ్‌లో 16 కాపీలు, కాపీకి 2 జీబీ అనుకున్నా 32 జీబీ. నోడ్‌కు 64 ఉంది. ఎందుకు చాలడం లేదు? మెమరీ వాడకం విడివిడిగా చూస్తే 0వ నోడ్ నిండా ఫైళ్ల పేజ్ క్యాష్, అంటే చదివిన ఫైళ్లను లినక్స్ మెమరీలో దాచుకున్న నకళ్లు. ఎనిమిది గంటల ప్రాంతంలో పాత సర్వర్ నుంచి సిమ్యులేషన్ ఫలితాల ఫైళ్లను ఇందులోకి కాపీ చేసే షెడ్యూల్ ఒకటి మొదలైంది. ఆ కాపీ పని 0వ నోడ్ కోర్ మీద నడిచి, చదివిన ఫైళ్లన్నిటినీ అక్కడి మెమరీలో దాచుకుంది. ఆ తర్వాత మొదలైన బెంచ్‌మార్క్ కాపీలు తమ నోడ్‌లో చోటు లేక, ఏ తప్పు సందేశమూ లేకుండా పక్క నోడ్ మెమరీ తీసుకున్నాయి. 16 కాపీలు నెమ్మదించాయి, పంక్తి మొత్తం ఆగింది.

ఆ షెడ్యూల్‌ను ఆపించి, ప్రతి పరుగుకు ముందు పేజ్ క్యాష్‌ను ఖాళీ చేయడం, నోడ్‌లో చోటు తగ్గితే పక్కకు వెళ్లే ముందు సొంత నోడ్‌లోని పాత ఫైలు పేజీలను తీసేసేలా జోన్ రీక్లెయిమ్ ఆన్ చేయడం, ఈ రెండూ నడిపే స్క్రిప్టులోనే చేర్చాం. మెమరీని నోడ్‌కు గట్టిగా కట్టేసే పద్ధతి కూడా ఉంది కానీ, చోటు లేనప్పుడు అది కాపీనే చంపేస్తుంది. రాత్రంతా నడిచే పరీక్షకు అది నాకు ఇష్టం లేదు.

వేడి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. చెన్నైతో పోలిస్తే గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ, అదే వేగంతో తిరిగే ఫ్యాన్ తోసే గాలి బరువూ అంతే తక్కువ. సర్వర్ల ఉష్ణోగ్రత పరిమితుల్లో ఆష్రే అనే శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఏ2 తరగతికి చెప్పే 35 డిగ్రీలు 900 మీటర్ల వరకే. ఆ పైన ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గించుకోవాలి. మనం సరిగ్గా ఆ గీత మీద ఉన్నాం. ఫ్యాన్లు తక్కువ శబ్దం చేసే ప్రొఫైల్‌లో ఉంటే దాన్ని మార్పించాం. మొదటి గుంపులోని అయిదు ప్రోగ్రాముల్లో మిగిలిన ఒకటి రెండు శాతం దాంతో తిరిగొచ్చింది.

డిటర్మినిజం అనే బయోస్ ఆప్షన్ మీద మాత్రం చర్చ జరిగింది. పవర్ వైపు పెడితే ప్రతి చిప్ తనకు కేటాయించిన 280 వాట్లలో తాను చేయగలిగినంతా చేస్తుంది. చిప్‌కూ చిప్‌కూ కొంత తేడా వస్తుంది. పెర్ఫార్మెన్స్ వైపు పెడితే అన్ని చిప్‌లూ ఒకే తీరున నడుస్తాయి, మంచి చిప్ కొంత వదులుకుంటుంది. ప్రచురిత ఫలితం పవర్‌తో తీసినది కాబట్టి ఒప్పందం పరీక్షకు అదే ఉంచాం. రోజువారీ పనికి రెండోది పెట్టమన్నాను. పది సర్వర్లూ కలిసి ఒకే కారు లెక్క చేస్తున్నప్పుడు ప్రతి అడుగు చివరా అన్నీ అన్నిటి కోసం ఆగాలి. అక్కడ అన్నీ సమంగా నడవడమే లాభం.

నాలుగో రోజు ఉదయం వచ్చిన ఫలితం 97 శాతం పైన. 13 వరుసల్లో ఏదీ 94కు తగ్గలేదు. నాకు ముఖ్యమైనది రెండోదే.

మిగతా తొమ్మిదింటినీ పరీక్షకు ముందే మూతలు తీసి చూశాం. మరో రెండింటిలో అదే ప్రాసెసర్ పక్కన, అవే రెండు స్లాట్లలో అదే తప్పు ఉంది. సరఫరాదారు తరఫున వచ్చిన టెక్నీషియన్ మా కళ్ల ముందే మార్చి సంతకం పెట్టాడు. ఆ అమ్మాయి 32 స్లాట్ల బొమ్మ గీసి, నిండాల్సిన వాటిని నల్లగా పూసి, రాక్ తలుపు లోపలి వైపు అతికించింది. దాని కింద రెండు పరీక్షలు రాసింది: డీఎంఐ డీకోడ్‌లో పదహారు చోట్ల 3200 కనబడాలి, న్యూమా సీటీఎల్‌లో ఎనిమిది నోడ్లు కనబడాలి.